పద్నాలుగు మెట్ల బిల్లు

"చట్టం వచ్చాక పెడదామన్నానా, లేదా?"

"చట్టం వచ్చేదాకా ఆగమని మీ అమ్మగారి మోకాళ్లకి చెప్పండి మరి."

మొదటి టీతో మొదలైన ఆ వాదన రెండో టీ చల్లారిపోయినా తెగలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో మేడమీదికి వెళ్లే మెట్లు కనిపిస్తాయి. పద్నాలుగు. ఒక పక్క ఇంటి గోడ, రెండో పక్క గాలి. ఆ గాలి ఉన్న వైపు ఒక రెయిలింగ్ పెట్టించమని వదిన ఏళ్లుగా అడుగుతూనే ఉంది. వీధిలోనూ వర్క్‌షాపులోనూ చిన్నా పెద్దా అంతా ఆమెని వదిన అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

దీపం కింద చీకటి అంటారే, అదీ సంగతి. ఆ ఇంటివాళ్ల పనే రెయిలింగులు చెయ్యడం. ఊళ్లో సగం మెట్లకీ బాల్కనీలకీ ఇనప పని చేసింది వాళ్లే. ఇంటి ఎదురుగా, సందు దాటితే వర్క్‌షాపు. వదిన మామగారు పెట్టింది. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన తర్వాత కొడుకు నడిపాడు. మూడేళ్ల కిందట ఆ కొడుకు ఎన్నికల్లో నిలబడి, గెలిచి, అందరికంటే ఎక్కువగా తనే ఆశ్చర్యపోయి, వర్క్‌షాపుని వదిన పేరు మీద పెట్టి శాసనసభలో కూర్చున్నాడు. సభలో ఆయన్ని ఇనపాయన అంటారు. ఎదుటి వరసలో కూర్చునే ఒక సభ్యుడికి సిమెంటు ఇటుకల వ్యాపారం ఉంది కాబట్టి ఆయన సిమెంటాయన.

మూడేళ్లూ ఇనపాయన సభలో నోరు విప్పింది లేదు. ఇప్పుడు విప్పాడు. ఇళ్ల బయటి మెట్లన్నిటికీ పట్టుకోవడానికి రెయిలింగ్ తప్పనిసరి చెయ్యాలని సొంతంగా ఒక బిల్లు రాసి పెట్టాడు.

"ఇప్పుడు మనింట్లో పెట్టామనుకో, 'చూశారా, సరుకు అమ్మకం ఇంటినుంచే మొదలుపెట్టాడు' అంటాడు సిమెంటాయన. చట్టం రానీ. అందరితోపాటు మనమూ పెట్టుకుందాం" అన్నాడు ఇనపాయన.

"అందరూ పెట్టుకున్నాక ఆఖర్న మనం. ఈ ఇంట్లో కొత్తేముంది" అంది వదిన.

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆయన గ్లాసు కింద పెట్టి కిటికీకి వీపు తిప్పాడు.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. ఏ పని వచ్చినా కొలతలు చీటీ మీద రాసి, బల్ల మీద నిలబెట్టిన మొనదేరిన ఊచకి గుచ్చుతారు. బయటివాళ్ల పని ముందు, ఇంటి పని తర్వాత. ఇది పెద్దాయన పెట్టిన నియమం. ఇంటి చీటీ అన్నిటికంటే అడుగున ఉంటుంది. పైన ఉన్నవన్నీ అయిపోయి ఊచ ఖాళీ అయితే దాని వంతు. ఊచ ఎప్పుడూ ఖాళీ కాలేదు. తన ఇంటి మెట్ల చీటీని పెద్దాయనే రాసి, తన చేత్తోనే అడుక్కి దింపాడు. పదకొండు నెలల తర్వాత, వాన మొదలవుతోందని మేడ మీద బట్టలు తేవడానికెళ్లి, చేతినిండా దుప్పట్లతో దిగుతూ తొమ్మిదో మెట్టు మీద గాలిని పట్టుకున్నాడు.

అది జరిగి నాలుగేళ్లు. ఆ చీటీని ఎవరూ తియ్యలేదు. దాని మాట ఎవరూ ఎత్తలేదు. అత్తగారు మాత్రం ఇప్పటికీ రోజూ సాయంత్రం మేడెక్కుతుంది, ఆయన పెట్టిన పూలకుండీలకి నీళ్లు పొయ్యాలని. దిగేటప్పుడు వదిన ఆమెకి రెండు మెట్లు ముందు దిగుతుంది. పడితే తన మీద పడుతుందని.

అప్పుడే కూతురు కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆ పిల్ల న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతోంది. ఇంట్లో అందరి తప్పులూ పట్టడానికి అది చాలు.

"నాన్నా, పదకొండింటికల్లా ఇవ్వాల్సిన ఫారం ఇదేనా? ఆరో గడి వదిలేశావు. 'ఈ బిల్లు వల్ల సభ్యునికి గానీ కుటుంబానికి గానీ ప్రయోజనం కలుగునా?' అని ఉంది."

"లేదు అని రాసెయ్."

"వర్క్‌షాపో?"

"అది మీ అమ్మ పేరు మీద ఉందిగా."

"అమ్మ కుటుంబం కాదా?"

"బాగా అడిగావు. నాకూ తెలుసుకోవాలనుంది" అంది వదిన గిన్నెలు సర్దుతూ.

ఇనపాయన ఒక నిమిషం గోడ గడియారం వంక చూశాడు. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు. "అయితే చుట్టం కానివాడికి అప్పజెప్పేద్దాం. నేను సభలో ఉన్నన్నాళ్లూ షాపు నిప్పురవ్వది. అప్పుడు 'లేదు' అన్నది అబద్ధం కాదు."

నిప్పురవ్వ అంటే పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తున్న పెద్ద వెల్డరు. మంచివాడు. కాకపోతే ఏ మాట చెవిన పడ్డా వెంటనే అంటుకుంటాడు.

పక్క గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒరేయ్, మీ నాన్న పెట్టిన షాపురా."

"ఆ నాన్న కోసమేనమ్మా" అన్నాడు ఇనపాయన, ఎవరికీ వినపడనంత మెల్లగా. వదినకి వినపడింది. అందుకే ఎదురు చెప్పకుండా, షాపు నిప్పురవ్వకి ఇస్తున్నట్టు ఆయన రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. షాపు తనకి ఇచ్చినప్పుడూ ఆమెని అడిగింది లేదు, తీసుకునేటప్పుడూ అడిగింది లేదు. పదకొండుకి పది నిమిషాల ముందు ఆరో గడిలో 'లేదు' అని పడింది.

నాలుగో రోజు పొద్దున సందులో జనం పోగయ్యారు. వర్క్‌షాపు మీద ఇనపాయన ఫొటోతో ఉన్న పాత బోర్డు తళతళలాడుతోంది. దాని కింద కొత్తగా రెండు వరసలు: 'మెట్ల చట్టం వస్తోంది. మీ రెయిలింగ్ ముందే చెప్పుకోండి.'

"ఏమిట్రా ఇది?" అన్నాడు ఇనపాయన, ఒక కాలికి చెప్పుతో పరిగెత్తుకొచ్చి.

"బోర్డు అన్నా."

"బోర్డని నాకూ కనిపిస్తోంది. నా మొహమెందుకు?"

"మొహం పాతదే అన్నా. రెండు లైన్లే కొత్తవి. షాపు నీదే అనుకుని నడపమని నువ్వేగా చెప్పావు."

"ముందు నా మొహం తీసెయ్!"

నిప్పురవ్వ తీసేశాడు. అంటే, ఇనుముకి పూసే ఎర్ర రంగు డబ్బా తెచ్చి ఫొటోలో మొహం మేరకి పూసేశాడు. బోర్డు మీద పేరుంది, చొక్కా ఉంది, కలిపి పట్టుకున్న చేతులున్నాయి, మొహం మాత్రం లేదు. అంతవరకూ ఆ బోర్డు వైపు చూడకుండా పోయేవాళ్లు కూడా ఆగి చూడసాగారు. మర్నాడు పేపర్లో దాని ఫొటో పడింది. కింద ఒకే ఒక్క ముక్క: 'సభ్యుడెక్కడ?'

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. చట్టం రాకముందే జనం ఎగబడ్డారు. షాపులో చోటు చాలనివాళ్లు ఇంటికొచ్చారు. వీధి దీపం వెలగడం లేదని అర్జీ తెచ్చిన ఒక పెద్దమనిషిని నిప్పురవ్వ గుమ్మంలోనే పట్టుకుని, టేపు పట్టుకుని వాళ్లింటికే వెళ్లి మెట్లు కొలిచి వచ్చాడు. దీపం సంగతి ఎవరూ అడగలేదు. ఊచకి చీటీలు ముప్పై ఏడయ్యాయి. అడుగున ఉన్నది ముప్పై ఎనిమిదోది.

సభలో సిమెంటాయన లేచాడు. "అధ్యక్షా, గొర్రెల బాగు కోసం తోడేలు దొడ్డి కట్టిస్తానంటే నమ్ముదామా? ఆ ఆరో గడిలో 'లేదు' అని రాసిన చెయ్యి ఎవరిదో తేల్చండి" అన్నాడు. బల్లలు మోగాయి. నియమాల సంఘం గురువారం పదింటికి వచ్చి వర్క్‌షాపునీ, సభ్యుడి ఇంటినీ చూసి వెళ్లాలని తీర్మానమైంది.

"ఇంటినా?" అంది వదిన. "ఇంట్లో చూసేందుకేముంది?"

అని, ఆగిపోయింది. అందరూ ఒకేసారి వంటింటి కిటికీలోంచి బయటికి చూశారు.

రెయిలింగుల చట్టం రాసినవాడి సొంత మెట్లకి రెయిలింగ్ లేదు. ఇనపాయన సందు దాటి షాపులోకి వెళ్లాడు. వెంట వదిన కూడా వెళ్లింది.

"గురువారంలోగా మా మెట్లకి ఒకటి చేసి పెట్టరా."

నిప్పురవ్వ తల గోక్కున్నాడు. యజమాని అయినప్పట్నుంచీ అతనికి స్టూలు మీద కూర్చోవడం అలవాటైంది. ఇప్పుడు లేచి నిలబడాలో వద్దో తెలియక సగం లేచి ఉండిపోయాడు. "అన్నా, ముప్పై ఏడు చీటీలున్నాయి."

"నా సంగతి చెబుతున్నాను."

"అదే అన్నా. బయటివాళ్ల పని ముందు. పెద్దాయన మాట. షాపు చేతికొచ్చిన మొదటి నెల్లోనే ఆ మాట నేను తప్పితే ఎట్లా? ఆయన ఉంటే నువ్వు అడిగేవాడివా ఇట్లా?"

ఇనపాయన ఊచ వైపు చూశాడు. చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పై చీటీ దాకా వెళ్లి వెనక్కొచ్చేసింది. వదిన అది చూసింది. నాలుగేళ్లలో ఇంటి చీటీ కోసం ఆ చెయ్యి లేవడం అదే మొదటిసారి.

అన్నగారి మొహం చూసి నిప్పురవ్వే దారి కనిపెట్టాడు. "ఒక పని చేద్దాం. ప్రభుత్వాసుపత్రికి చేసిన రెయిలింగ్ తయారుగా ఉంది. శుక్రవారం తీసుకెళ్తారు. గురువారం ఒక్కరోజు మీ మెట్లకి ఆనించి తీగతో కడతాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ముట్టుకోకూడదంతే."

"ముట్టుకోకూడని రెయిలింగ్ ఏం రెయిలింగ్?" అంది వదిన.

"చట్టానికి వదినగారూ, చట్టానికి."

గురువారం తొమ్మిదింటికల్లా రెయిలింగ్ లేచింది. నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. అయితే దాని మధ్యలో ఇనప అక్షరాలు అతికించి ఉన్నాయి: 'కాన్పుల వార్డు'. పక్కనే పైకి చూపిస్తూ ఒక బాణం గుర్తు.

"ఇది ముందే చెప్పొద్దూ?" అన్నాడు ఇనపాయన.

"ఆసుపత్రిదని చెప్పానుగా. ఏ వార్డని నువ్వడగలేదు."

వదిన లోపల్నుంచి ఒక దుప్పటి తెచ్చి, ఆరేసినట్టు, ఆ అక్షరాల మీద కప్పింది. "నాలుగేళ్లు నేనడిగితే రాలేదు. సిమెంటాయన వస్తున్నాడంటే గంటలో వచ్చింది" అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు. దుప్పటికి చెప్పినట్టు చెప్పింది.

పదింటికి సంఘం వచ్చింది. ముందు అధ్యక్షురాలు, ఒకప్పుడు స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన పెద్దావిడ. కళ్లజోడు మీదనుంచి చూస్తే ఇప్పటికీ ఎవరి చెయ్యైనా జేబులోంచి బయటికి వస్తుంది. ఆవిడ వెనక సిమెంటాయన. షాపు చూశారు, మొహం లేని బోర్డు చూశారు, పెరట్లోకి వచ్చారు. అత్తగారు నూతి పక్కన స్టూలు మీద కూర్చుని పూలకుండీలకి మట్టి జల్లెడ పడుతోంది.

"సొంతింట్లో మాత్రం పెట్టించుకున్నారే" అంది అధ్యక్షురాలు.

"ఎప్పుడు పెట్టించారో?" అన్నాడు సిమెంటాయన. "రంగు వాసన ఇంకా పోలేదు." అని దుప్పటి అంచు పట్టుకుని లాగాడు. వంగి చదివాడు. "కాన్పుల వార్డు... అమ్మా, ఇది ప్రభుత్వ ఆస్తి! ఆసుపత్రి రెయిలింగ్ ఎత్తుకొచ్చి ఇంటికి పెట్టుకున్నాడు! ఎవరికండీ కాన్పు మేడ మీద?"

"ఎత్తుకు రాలేదండీ, ఒక్క పూటకి—" అన్నాడు నిప్పురవ్వ.

"ఒక్క పూటకి! విన్నారా?" సిమెంటాయన ఉపన్యాసం ఎత్తు చాలక రెండో మెట్టు ఎక్కాడు. "ఇటువంటి మనిషి మన ఇళ్లకి, మన మెట్లకి, మన—"

"దాని మీద ఆనుకోకండి!" అని వదిన అరిచింది.

'మన' అన్న చోట ఆయన పూర్తిగా ఆనుకున్నాడు. తీగ తెగింది. రెయిలింగ్ ఒక మర్యాదస్తుడిలా మెల్లగా పక్కకి వంగి, బాణం గుర్తు నేల వైపు చూపిస్తూ పడుకుంది. దానితోపాటు సిమెంటాయన పెరట్లో మట్టి మీద కూలబడి, చీలమండ పట్టుకుని మూలిగాడు.

నిప్పురవ్వ నవ్వబోయి ఆపుకున్నాడు. ఇనపాయన ఆయన్ని లేపడానికి ఒక్క ఉదుటున వెళ్లాడు.

"లేపకురా!"

అత్తగారు. జల్లెడ కింద పడింది. ఆమె ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి నాలుగు అంగల్లో వచ్చి సిమెంటాయన పక్కన మట్టిలో కూర్చుంది. "కదలకు నాయనా. ఆయన్ని తొందరపడి లేపి తప్పు చేశాం. నువ్వు కదలకు." ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసింది. "ఇది కదుపు. ఆ, ఇది. నయం. నువ్వు రెండో మెట్టే. ఆయనది తొమ్మిదోది."

అధ్యక్షురాలు తలెత్తి మెట్ల వంక చూసింది.

"ఎవరిదమ్మా?" అంది.

"మావారిది."

అధ్యక్షురాలు చేతిలోని ఫారం వంక చూసింది. ఇనపాయన వంక చూసింది. "ఆరో గడిలో 'లేదు' అని రాశారు. ఈ బిల్లుతో మీకే సంబంధమూ లేదా?"

ఇనపాయన పడిపోయిన రెయిలింగ్ వంకే చూస్తున్నాడు.

"ఉంది. రాసుకోండి" అంది వదిన. "షాపు మాది. కాగితం మీద ఎవరిదైనా షాపు మాదే. ఇంకోటి కూడా రాసుకోండి. ఆయన సరుకు అమ్ముకోవాలని ఆ బిల్లు రాయలేదు. ఈ పద్నాలుగు మెట్లకి రెయిలింగ్ కొలవడానికి ఆయనకి చేతులు రావడం లేదు. అందుకని తన వంతు తప్పించుకుని ఊరందరి చేతా పెట్టించాలని చూస్తున్నారు. అంతే."

ఆయన తల ఎత్తి ఆమె వంక చూశాడు. కోపం లేదు. ఇన్నాళ్లూ ఎవరైనా ఆ మాట అంటారేమోనని భయపడుతూ, అంటే బాగుండునని కూడా ఎదురుచూస్తున్న మనిషిలా ఉన్నాడు.

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "దుఃఖం ప్రయోజనం కిందికి రాదండీ. వర్క్‌షాపు వస్తుంది. ఈ బిల్లు మీద మీ పేరు ఉండటానికి వీల్లేదు."

"తీసెయ్యండి" అన్నాడు ఇనపాయన.

"నా పేరు వెయ్యండి" అన్నాడు సిమెంటాయన. అందరూ కిందికి చూశారు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. పాదం ఇంకా అత్తగారి ఒళ్లోనే ఉంది. "ఈ బిల్లు నేను తీసుకుంటాను. పెద్దాయన కోసం. ఈ తల్లి మీద ఒట్టు."

ఆయన మాట మీద నిలబడే మనిషి. మూడు నెలల్లో బిల్లు ఒక్క ఓటు కూడా ఎదురు పడకుండా చట్టమైంది. దారిలో చిన్న సవరణ ఒకటి జరిగింది. ఇనుము తుప్పు పడుతుంది, తీగ తెగుతుంది, ఆ సంగతి ఆయన స్వయంగా అనుభవించాడు. కాబట్టి మెట్లకి రెయిలింగ్ బదులు పిట్టగోడ ఉండాలి, అదీ సిమెంటు ఇటుకతో. ఆరో గడిలో ఆయన 'లేదు' అని రాశాడు. ఇటుకల ఫ్యాక్టరీ బామ్మర్ది పేరు మీద ఉంది. కూతురు నిబంధనల పుస్తకం తిరగేసి చూసింది. కుటుంబం అంటే ఎవరెవరో అందులో వరసగా రాశారు గానీ, బామ్మర్ది పేరెత్తలేదు.

ఇనప పని ఎవరిక్కావాలి? చీటీలు ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి తీసుకెళ్లారు. వీధి దీపం పెద్దమనిషి మాత్రం తన చీటీతోపాటు అర్జీ కూడా అడిగి పట్టుకుపోయాడు. ఎర్ర మొహం బోర్డు దిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చోబోతుంటే నిప్పురవ్వ వచ్చాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు. వాటి పక్కన ఒక చీటీ పెట్టాడు. నాలుగేళ్లకి పైగా ఊచకి ఉండి మధ్యలో చిల్లు చుట్టూ తుప్పు రంగు తిరిగింది.

"ఊచ ఖాళీ అయిపోయిందన్నా" అన్నాడు. "ఇదొక్కటే మిగిలింది."

ఇనపాయన దాన్ని ముట్టుకోలేదు. వదిన తీసుకుంది. పెన్సిల్ రాత, పెద్దాయనది, ముక్కలు ముక్కలుగా ఉంది. పైకి చదివింది.

"వెనక మెట్లు. పద్నాలుగు. చేతికమ్మీ గుండ్రంగా తీయాలి, పలకలుగా వద్దు. ఆవిడ చెయ్యి కోసుకుంటుంది." చివరి ముక్క వెలుగుకి తిప్పి చదివింది. "తొందర లేదు."

ఎవరూ అన్నం కలపలేదు. అత్తగారు చెయ్యి చాస్తే వదిన చీటీ అందించింది. ఆమెకి చదవడం రాదు. చిల్లు చుట్టూ తుప్పుని వేలితో రుద్దింది, పోతుందేమోనన్నట్టు.

"ఈసారి నేను ఎన్నికల్లో నిలబడటం లేదు" అన్నాడు ఇనపాయన. గొంతు పెంచలేదు, పళ్లెం వంక చూస్తూనే అన్నాడు. "రేపు పొద్దున మెట్లు కొలుస్తాను. కమ్మీ నేనే వంచుతాను. గుండ్రంగా."

వదిన నీళ్ల గ్లాసు ఆయన దగ్గరికి జరిపింది. నాలుగేళ్లుగా జరిగిన వాదన అక్కడితో ముగిసింది. గెలిచినట్టు ఆమెకి అనిపించలేదు.

కూతురే కాస్త సంకోచిస్తూ నోరు విప్పింది. "నాన్నా, కొత్త చట్టం ప్రకారం మెట్లకి ఇనుము చెల్లదు. పెట్టినా పీకేయమంటారు."

"పీకుదాంలేవే" అంది అత్తగారు, చీటీ మడిచి రొంటిన దోపుకుంటూ. "తొందరేముంది."